ఎవరి ఫైలు వాళ్ల చేత్తోనే

మొర్రిపెంట గూడెంలో ఉన్నవి పంతొమ్మిది ఇళ్లు. ఆ పంతొమ్మిది ఇళ్లవాళ్లూ ఒకే రోజు పని మానుకుని కంభం వచ్చారంటే వచ్చిన పని చిన్నది కాదు. నాగవేణి నెట్ సెంటర్ ముందు రెండు ఆటోలూ ఒక ట్రాక్టరూ ఆగి, పిల్లాజెల్లాతో సహా జనం దిగుతుంటే పక్కనున్న ఎరువుల దుకాణం ఆయన బయటికి వచ్చి, ఇదేదో ధర్నా అనుకున్నాడు. ధర్నా అయినా బాగుండేది. ధర్నాకైతే ఎవరో ఒక అధికారి వచ్చి అబద్ధమైనా చెప్పి పంపుతాడు. వీళ్లు వచ్చింది ఒక వెబ్‌సైటు దగ్గరికి. దానికి ముఖం లేదు, మొహమాటం అంతకన్నా లేదు.

అర్ధవీడు దాటి నల్లమల అంచుకు పోతే వస్తుంది మొర్రిపెంట. అడవిలో తేనె, చింతపండు, మొర్రిపండ్లు ఏరుకుంటూ, తాతల నాడు రాళ్లు తీసి బాగుచేసుకున్న చేలల్లో కంది, జొన్న, ఆముదం వేసుకుని బతికే చెంచు కుటుంబాలు. చేలున్నాయి గానీ చేలకు కాగితాలు లేవు. ఆ ఏడాది సర్కారు ఒక మాట చెప్పింది. గూడేనికి ఒక దరఖాస్తు చొప్పున సైటులో పెట్టండి, ఇంటింటి ఆధారాలూ దానికి జతచేయండి, కొలిచి హక్కు పత్రం ఇస్తాం అని. దాని పక్కనే ఇంకో మాట కూడా చెప్పింది. పత్రం లేని చేను అడవి కింద లెక్క, దానికి ఇవతల హద్దు కందకం తవ్వేస్తాం అని. మొదటి మాట కంటే రెండో మాట మీదే గూడేనికి నమ్మకం ఎక్కువ. సర్కారు ఇస్తానన్నది మరిచిపోయింది గానీ, తీసుకుంటానన్నది ఏనాడూ మరిచిపోలేదు.

ఆ దరఖాస్తు పని మొత్తం నెత్తినేసుకున్నది శివకుమారి. కాశమ్మ కూతురు. తండ్రి పోయాక తల్లీకూతుళ్లిద్దరే, వాళ్లకున్నది రెండెకరాల చేను. మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. గూడెంలో అంత చదువు చదివింది ఆమె ఒక్కతే. ఇరవై రోజులు ఇంటింటికీ తిరిగింది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, చేను ఫొటో, అన్నిటికంటే ముఖ్యంగా పాత జరిమానా రసీదులు అడిగి తీసుకుంది. అడవిలో సేద్యం చేసినందుకు ముప్పై ఏళ్ల కిందట గార్డులు రాసిచ్చిన రసీదులవి. అప్పుడు నేరమని రాసిన కాగితమే ఇప్పుడు సాక్ష్యమైంది. చూరుల్లోంచి, బియ్యం డబ్బాల్లోంచి తీసిన ఆ ముక్కల్ని స్కాన్ చేయించి, ఇంటికొక పీడీఎఫ్ ఫైలు చేసి, ఫైలుకు ఇంటి యజమాని పేరే పెట్టింది. పంతొమ్మిది ఫైళ్లూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. గూడెం తరఫున సైటులో నమోదైన ఫోన్ నంబరు కూడా ఆమెదే. పత్రాలొచ్చిన రోజున ఇక ఎవరూ కందకం మాట ఎత్తరని గూడేనికి ఆమె మాటిచ్చింది.

నాగవేణి ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు పెట్టి, ఫైళ్లు చూసి నవ్వింది.

“ఇంతమందిని ఎందుకు తోలుకొస్తివి శివా? అన్నీ ఒకేసారి పట్టి ఎక్కించేద్దాం. నిమిషం పని.”

శివకుమారి నోరు తెరిచేలోపల ఎల్లన్న ముందుకొచ్చాడు. గూడేనికి పెద్ద, కాశమ్మకు అన్న, శివకుమారికి మేనమామ.

“అట్ల కుదరదమ్మా. ఎవురి కాయితం వాళ్ల చేత్తోనే పెట్టాల.”

“ఇది చేత్తో పెట్టేది కాదు పెద్దాయనా. కంప్యూటర్‌లో పెట్టేది.”

“యాడ పెట్టినా సరే. ఎవురిది వాళ్లే.”

మొండితనం అనుకుంటారు తెలియనివాళ్లు. మొర్రిపెంటలో తేనె కొట్టుకొచ్చిన రోజున ఎవరి దొప్ప వాళ్లే తెచ్చి వరుసలో పెడతారు. అన్నదమ్ముడి దొప్పయినా ఇంకొకరు ముట్టరు. పంచే మనిషి తన దొప్ప అందరికంటే చివర పెట్టాలి, మిగిలితేనే తీసుకోవాలి. తేనె దగ్గర ఆ గూడెంలో ఇంతవరకు తగువు రాలేదంటే ఆ కట్టుబాటు వల్లే. దాన్ని ఒక్కసారి తప్పారు, పదేళ్ల కిందట. రోడ్డు మీది ఊళ్లో ఓబులయ్య అని ఒక పెద్దమనిషి, మీకు బోర్లు వేయిస్తానని అందరి కాగితాలూ ఒక సంచిలో వేసుకుపోయాడు. బోర్లు పడ్డాయి. ఒకటి ఓబులయ్య చేలో, ఇంకొకటి ఆయన బావమరిది చేలో. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఆ రోజు నుంచి మొర్రిపెంటలో కాగితానికి కూడా తేనె కట్టుబాటే.

శివకుమారికి అది తప్పనిపించలేదు. పైగా గర్వంగా అనిపించింది.

“వాళ్లు చెప్పినట్లే చేద్దాం అక్కా,” అంది.

“మీ ఇష్టం,” అని నాగవేణి కుర్చీ జరిపింది. అప్పటికే ఆమె సెంటర్‌లో పరీక్షల హాల్ టికెట్ల కోసం పదిమంది నిలబడి ఉన్నారు.

ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తెర మీద ‘ఫైళ్లు ఎంచుకోండి’ అని ఒక బటన్. నాగవేణి దాన్ని నొక్కి, వాళ్ల పేరున్న ఫైలు మీదికి బాణం గుర్తు తెచ్చి పెడితే, మౌస్ నొక్కేది వాళ్లు. నొక్కగానే బటన్ పక్కన పేరు పడేది. నాగవేణి పైకి చదివేది. ఎల్లన్న మౌస్‌ను ఎంత గట్టిగా నొక్కాడంటే అది బల్ల మీంచి జారి కింద వేలాడింది. కళ్యాణమ్మ చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని నొక్కి, తెరకు దండం పెట్టింది. తన పేరు తన కళ్లతో చూసుకుని, చదువు రానివాళ్లు నాగవేణి నోట విని, అందరూ బయటికి పోయి సోడాలు తాగారు.

కాశమ్మకు మోకాళ్ల నొప్పి. నిలబడలేక గోడకు ఆనుకుని ఉంటే నాగవేణి చూసి, ముందు నువ్వు రా అవ్వా అని పిలిచింది. కాశమ్మ లేవబోయింది. శివకుమారి తల్లి భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“పంచేది మనం మ్మా. మనది కడపట.”

ఎల్లన్న ఆ మాట విని మేనకోడలి వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ మెచ్చుకోలు ఎంత ఖరీదైందో అప్పుడు ఎవరికి తెలుసు?

అందరూ అయ్యాక కాశమ్మ నొక్కింది. బటన్ పక్కన కాశమ్మ పేరు పడింది. అక్కడ ఆ ఒక్క పేరే ఉండడం శివకుమారి చూసింది. చూడకపోలేదు.

“అక్కా, ముందు ఎక్కినోళ్ల పేర్లు కనపడవా?”

“అవి లోపలికి పోయినాయిలే. ఇప్పుడు ఎక్కిందే కనపడతాది. వేరే సైట్లలో కూడా ఇంతే,” అంది నాగవేణి, హాల్ టికెట్ల గుంపు వైపు చూస్తూ. శివకుమారి ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఆరు అంకెలు చెప్పింది. పచ్చటి టిక్కు గుర్తు పడింది. దరఖాస్తు చేరింది అని చదవగానే గూడెం అంతా గట్టిగా అరిచింది. హాల్ టికెట్ల పిల్లలు బెదిరిపోయారు.

అది వేసవి. తొలకరికి కంది విత్తారు. కలుపు తీసే రోజుల్లో గ్రామ సచివాలయం గోడకు జాబితా అంటించారు. సంజీవ్ పోయి ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాడు. సంజీవ్ ఎల్లన్న కొడుకు, శివకుమారికి బావ. పంటలయ్యాక వాళ్లిద్దరికీ చేద్దామని పెద్దలు ఒక మాట అనుకుని ఉన్నారు. అతను ఫోన్ ఎవరికీ చూపకుండా నేరుగా తండ్రికి చూపించాడు.

మొర్రిపెంట గూడెం. కొలతకు అర్హులైనవారు: ఒకరు. కాశమ్మ.

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే శివకుమారి కూడా అరిచి ఉండేది, ఏదో ఒకటి తేలేది. అందరూ వచ్చి ఆమె ఇంటి ముందు ఊరికే నిలబడ్డారు.

“పంతొమ్మిది మందిమి పోతిమి. ఒక్కరే ఎక్కినారు. అదెట్ల పాపా?” అన్నాడు ఎల్లన్న.

“నాకూ తెలీదు మామా. రేపే పోయి కనుక్కుంటా.”

“తెలీదంటే ఎట్ల? ఫోను నీది. సదువు నీది. పేరు మీది.”

కాశమ్మ గడపలోంచి లేచి, “నోరు జాగ్రత్త అన్నా, అది నీ మేనకోడలు,” అంది. ఎల్లన్న ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు నాగవేణి దరఖాస్తు తెరిచి చూసింది. ఫైళ్లు: ఒకటి. ఏదో అనుమానం వచ్చి, ఖాళీ దరఖాస్తు ఒకటి తెరిచింది. బటన్ నొక్కి ఎల్లన్న ఫైలు ఎంచింది. ఎల్లన్న పేరు పడింది. మళ్లీ నొక్కి ఆంజనేయులు ఫైలు ఎంచింది. ఆంజనేయులు పేరు పడింది, ఎల్లన్న పేరు పోయింది. ఇంకొకటి ఎంచింది. ఆంజనేయులు పోయాడు.

“ఇది ఒక్క పీట ఉన్న ఇల్లు శివా,” అంది నీరసంగా. “ఒకరు వచ్చి కూర్చుంటే ముందున్నోళ్లు లేవాల్సిందే.”

“మరి అన్నీ పెట్టాలంటే?”

నాగవేణి కీబోర్డు మూలనున్న కంట్రోల్ మీటను ఎడమచేత్తో నొక్కి పట్టుకుంది. దాన్ని వదలకుండా కుడిచేత్తో ఒక్కొక్క ఫైలు మీద నొక్కుతూ పోయింది. అన్నీ నీలంగా మారాయి. అప్పుడు ఒక్కసారి ‘తెరువు’ నొక్కింది. బటన్ పక్కన, పంతొమ్మిది ఫైళ్లు అని పడింది.

అంతే. ఒక మీట. దాని మీద ఒక వేలు పెట్టి ఉంచడం. మూడు తరాల చెమట ఆ వేలి కింద ఉందని ఆ సైటులో ఎక్కడా రాయలేదు. చూపించేవాళ్లు చూపించలేదు, చూడాల్సినవాళ్లు చూడలేదు. శివకుమారికి మొదట నాగవేణి మీద కోపం వచ్చింది, తర్వాత తన మీద. తల్లి మోకాలి నొప్పితో ముందే నొక్కి ఉంటే తమ పేరు కూడా పోయేది, అప్పుడు కనీసం అందరితో పాటు మునిగి ఉండేవాళ్లం కదా అనుకుంది. మర్యాదకు పోయి చివర నిలబడినందుకు ఇప్పుడు దొంగ అయింది.

“నువ్వొచ్చి ఈ మాట గూడెంలో చెప్పు అక్కా.”

“షాపు మూసి ఎట్ల వచ్చేది? ఫోన్‌లో చెప్తాలే,” అంది నాగవేణి. ఫోన్‌లోనే చెప్పింది కూడా, స్పీకర్ పెట్టించుకుని. ఎల్లన్న అంతా విని, “ఇద్దరూ ఒకటే మాట బాగానే నేర్చుకున్నారే,” అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

శివకుమారి ఆ దరఖాస్తులు చూసే ఆఫీసుకు పోయింది. మూడు రోజులు తిరిగితే ధనుంజయ అనే సారు దొరికాడు. మంచివాడే. ఓపిగ్గా విన్నాడు. గడువు పదిహేను రోజులు పొడిగించారనీ, అదే నంబరుతో మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చనీ చెప్పాడు.

“కానీ పాతదానికి కలపడం కుదరదమ్మా. కొత్తది ఎక్కితే పాతది రద్దయిపోతుంది. కాబట్టి మీదీ వాళ్లదీ పంతొమ్మిదీ ఒకేసారి పెట్టండి. ఈసారి ప్రతి ఇంటి నుంచీ వేలిముద్ర వేసిన ధ్రువీకరణ కాగితం కూడా ఉండాలి.”

ఆమె ఆ కాగితాలు పంతొమ్మిది ప్రింటు తీయించుకుని గాలిలో తేలుతూ వచ్చింది. దేవుడు ఇంకో దారి చూపించాడు, చాలు అనుకుంది. ఆ సాయంత్రమే అందరినీ పిలిచి విడమరిచి చెప్పింది. మొన్న ఎందుకు పోయాయో చెప్పింది, ఈసారి ఎలా పెట్టాలో చెప్పింది. కొత్తది ఎక్కితే పాతది రద్దవుతుంది కాబట్టి తమ ఫైలు కూడా ఈ కట్టలోనే ఉండాలని చెప్పింది.

అందరూ విన్నారు. ఒక్కరూ వేలు ముందుకు చాపలేదు. మర్నాడు ఇంటింటికీ పోయింది. కళ్యాణమ్మ ఇంట్లో లేనని లోపలి నుంచే చెప్పించింది. ఆంజనేయులు, “పెద్దాయన్ని అడుగు పాపా,” అన్నాడు. పెద్దాయన ఇంటికి పోతే పెద్దాయన అడవికి పోయాడన్నారు. నాలుగు రోజులు అలా గడిచాయి. గడువు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎదురుగా కూర్చుని ఉంది.

ఐదో రోజున తెలిసింది, అందరూ వేలిముద్రలు వేశారని. ఓబులయ్య దగ్గర.

అవును, ఆ ఓబులయ్యే. గడువు పొడిగించారన్న కబురు శివకుమారి నోట విని, దాన్ని పట్టుకుని వాళ్లు పోయింది బోర్లు మింగిన ఆయన గుమ్మానికి. వచ్చే ఎన్నికల్లో సర్పంచుగా నిలబడబోతున్నాడు, ఈసారి నిజంగానే చేసిపెడతానన్నాడు. మనుషుల తిక్క ఇలాగే ఉంటుంది. బయటివాడు ముంచితే పదేళ్లకు మరిచిపోతారు. ఇంట్లోపిల్ల ముంచిందని అనుమానం వస్తే చాలు, పది రోజులు కూడా ఆగలేరు.

సంజీవ్ పెన్‌డ్రైవ్ కోసం వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

శివకుమారి పెన్‌డ్రైవ్ ఇచ్చింది. దాంతోపాటు తల్లి వేలిముద్ర వేసిన కాగితం కూడా ఇచ్చింది.

“బావా, ఎవురు పెడితే ఏంది, పని కావాల. మా ఫైలు గూడా అందులోనే ఉంది. తియ్యొద్దు. తీసినావంటే మాది పోతాది.”

“నాయనకు చెప్తా,” అన్నాడు సంజీవ్. గంట తర్వాత తిరిగొచ్చాడు. కాశమ్మ వేలిముద్ర కాగితం తెచ్చి గడప మీద పెట్టాడు. వెనకాలే ఎల్లన్న.

“మీకు వచ్చింది గదా. రెండుమాట్లు ఎందుకు?” అన్నాడు ఎల్లన్న.

“వచ్చింది పోతాది మామా, కొత్తది ఎక్కితే. సారే చెప్పినాడు.”

“సారు చెప్పినాడో లేదో నాకు తెలీదు. నువ్వు చెప్పింది మాత్రం ఇన్నా. కడపట ఎక్కినోళ్లు ముందరోళ్లను లేపేస్తారని నువ్వే చెప్తివి. ఒకమాటు లేపితిరి. మళ్లా మీ కాయితం మా కాయితాల్లో కలిపితే మళ్లా లేపరని ఏంది నమ్మకం?”

శివకుమారి విప్పి చెప్పిన నిజాన్నే తాడుగా పేని ఆమె మెడకే వేశారు. అబద్ధం చెప్పి ఉంటే ఇంకో అబద్ధంతో సర్దుకోవచ్చు. నిజం చెప్పి ఇరుక్కుంటే బయటపడే దారి లేదు.

“మామా, నీ తోడబుట్టిందానిది ఆ చేను,” అంది చివరికి.

“అందుకే గదా ఇంత మండేది,” అని ఎల్లన్న వెనక్కి తిరిగాడు.

గడువు చివరి రోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్లు కందిచేలో కలుపు తీస్తుండగా ఫోన్ మోగింది. సంజీవ్. శివకుమారి మాట సరిగ్గా అందే రాళ్లగుట్ట మీదికి ఎక్కి స్పీకర్ పెట్టింది. అది ఆమె నాయన చేను బాగుచేసేటప్పుడు ఏరి పోసిన గుట్ట.

“శివా, నాగవేణి సెంటర్‌లో ఉన్నాం. నీ ఫోనుకు ఆరు అంకెలు వచ్చింటాయి. చెప్పు.”

వచ్చాయి. వాటి కింద, పది నిమిషాల తర్వాత చెల్లదు అని ఉంది. సైటు మూసే మూడు గంటలకూ అంతే టైం ఉంది.

“బావా, మాది పెట్టినారా?”

అటువైపు నాగవేణి గొంతు వినబడింది. “ఇక్కడ పద్దెనిమిదే ఉన్నాయి శివా. నేను చెప్పినా వీళ్లకు, ఇంకోటి కలపండని...” మధ్యలో ఓబులయ్య గొంతు అడ్డం వచ్చింది. “నువ్వు చెప్పింది పొయ్యిన తూరి చూసినాము గదమ్మా. మళ్లా నీ మాటేంది?” నాగవేణి ఇంక మాట్లాడలేదు. బతుకుదెరువు ఉన్న మనిషి, గుంపుతో ఎంతసేపు వాదిస్తుంది?

“బావా, ఒక్కమాట ఇను. మా ఫైలు పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. దాన్ని గూడా కలిపి నొక్కితే అందరివీ ఎక్కుతాయి. వేలిముద్ర కాయితం ఫొటో తీసి ఇప్పుడే పంపిస్తా. నీ కాళ్లు పట్టుకుంటా.”

కాసేపు గుసగుసలు. తర్వాత సంజీవ్ అన్నాడు, “నాయన వద్దంటున్నాడు. ఇంక నాలుగు నిమిషాలే ఉంది శివా, చెప్పు.”

కాశమ్మ మోకాళ్లు పట్టుకుని గుట్ట కిందికి వచ్చి నిలబడింది. ఆమెకు అంతా అర్థమైంది.

“చెప్పొద్దు,” అంది. “మనల్ని వాళ్లు మనుషుల్లో కలపలే. మనమెందుకు కలపాల? ఫోను కట్టేసెయ్ పాపా. నాలుగు నిమిషాలు ఓర్చుకో, అదే పోతాది.”

నిజమే. ఊరికే కూర్చుంటే చాలు. ఏ తప్పూ చేయనక్కర్లేదు. గడువు అయిపోతుంది, పాత జాబితా ఉండిపోతుంది, రెండెకరాలకు పత్రం వస్తుంది. పద్దెనిమిది ఇళ్ల చేలకు ఇవతల కందకం పడుతుంది. పడనీ అనిపించింది శివకుమారికి. కళ్యాణమ్మ లోపల ఉండి లేననిపించడం గుర్తొచ్చింది. గడప మీద పెట్టిన తల్లి వేలిముద్ర గుర్తొచ్చింది. వీళ్లు నాశనమైపోతే చూడాలని ఆ నిమిషంలో ఆమెకు నిజంగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేయలేదు.

కానీ చెప్పకపోతే వాళ్లన్న మాట నిజమవుతుంది. ఇంతవరకు ఆమె దొంగ కాదు. ఈ నాలుగు నిమిషాలు గడిస్తే అవుతుంది. చేను ఉంటుంది, దాని చుట్టూ పద్దెనిమిది ఇళ్ల ఉసురు ఉంటుంది, ఆ ఉసురు న్యాయమైనదే అవుతుంది. అది ఒక్కటే అడ్డం పడింది. గొప్ప మనసు కాదు, ఏమీ కాదు.

“శివా, ఇన్నావా? రెండు నిమిషాలే ఉన్నాయి!”

“నాలుగు,” అంది శివకుమారి. తల్లి కింద నుంచి, “పాపా!” అని అరిచింది. “సున్నా. ఏడు. ఏడు. రెండు. ఒకటి.”

సంజీవ్ వాటిని గట్టిగా మళ్లీ చదివాడు. అటువైపు ఎవరో, “ఇచ్చేదానికి ఇంత నాటకమెందుకంట?” అన్నారు. ఫోన్ కట్ అయింది. వెంటనే రెండు మెసేజీలు వచ్చాయి. మీ కొత్త దరఖాస్తు పద్దెనిమిది ఫైళ్లతో చేరినది అని ఒకటి. మీ పాత దరఖాస్తు రద్దయినది అని ఇంకొకటి. ఆమె కిందికి దిగేసరికి కాశమ్మ సాలు మధ్యలో కూర్చుని కలుపు పీకుతోంది. వారం రోజులు కూతురితో మాట్లాడలేదు.

కంది ఎండి కోతకొచ్చిన రోజుల్లో కొలతకు వచ్చారు. ధనుంజయ సారు, వెంట ఇద్దరు మనుషులు, చేతిలో ట్యాబు. ఓబులయ్య ముందు నడుస్తున్నాడు, మెడలో ఎవరో వేసిన దండ కూడా ఉంది. ఎల్లన్న చేను కొలిచారు, రాళ్లు నాటారు. దాని పక్కది కాశమ్మది. సారు ట్యాబులో చూసుకుని, చేనును దాటుకుని అవతలున్న ఆంజనేయులు చేలోకి నడిచాడు. వెనక వస్తున్న గూడెం జనం ఆగిపోయారు.

“సార్, మధ్యలో ఇది వదిలేస్తిరే. ఇది మా చెల్లెలిది,” అన్నాడు ఎల్లన్న.

“ఇది జాబితాలో లేదు పెద్దాయనా.”

“లేకపోవడమేంది? అందరికంటే ముందు దీనికే వచ్చింది. గోడకు గూడా అంటిచ్చినారు.”

“అది పాత జాబితా. కొత్తది ఎక్కినప్పుడు రద్దయిపోయింది. ఆ అమ్మాయికి అప్పుడే చెప్పినాను గదా,” అని సారు ట్యాబు తిప్పి చూపించాడు. అటూ ఇటూ చేలన్నీ పసుపు రంగులో ఉన్నాయి. మధ్యలో రెండెకరాలు ఆకుపచ్చగా ఉన్నాయి. “ఇది ఇప్పుడు అడవి.”

ఎల్లన్న చాలాసేపు ఆ ఆకుపచ్చ ముక్కనే చూశాడు. తర్వాత గట్టు మీద నిలబడి ఉన్న మేనకోడలి వైపు తిరిగాడు.

“చెప్పాల్సింది గదా పాపా.”

శివకుమారికి మూడుసార్లు చెప్పాను మామా అని అరవాలని ఉంది. అరిస్తే ఏడుపొస్తుంది, వీళ్ల ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె బదులు కాశమ్మ అందుకుంది.

“అది చెప్పింది. నువ్వు ఇనలే. అంకెలు చెప్పొద్దని నేను చెప్పినా. అది ఇనలే. ఇప్పుడు ఎవురి మాట ఎవురు ఇని ఏం లాభమన్నా?”

సంజీవ్ తల దించుకున్నాడు. కళ్యాణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబులయ్య, ఇంకో తూరి గడువు పెడితే నేను చూస్తానని ఏదో అనబోయాడు. కాశమ్మ ఆయన్ని దాటుకుని, కుంటుకుంటూ సారు దగ్గరికి పోయింది. చేతిలో కొడవలి ఉంది. పొద్దున్నే కంది కోయడానికి తెచ్చుకున్నది.

“సారూ, ఇది అడివి అంటివి. మరి అడివిలో ఈ కంది ఎవురిది? కోసుకుంటే కేసు పెడతారా?”

ధనుంజయ సారు ఇబ్బందిగా చుట్టూ చూశాడు. మంచివాడే. ట్యాబు మూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

“ఈ ఒక్క పంటకు కోసుకోండమ్మా. నేను చూడనట్లే ఉంటాను.”

“సారు ధర్మాత్ముడు,” అన్నారు పద్దెనిమిది ఇళ్లవాళ్లూ, ఊపిరి పీల్చుకుని. శివకుమారి తల్లి చేతిలోని కొడవలి తీసుకుని చేలోకి దిగింది.